జిల్దు కట్టే ముందు

నల్లగొండ గడియారం సెంటర్ వెనుక సందులో
మైదా ఉడికిన వాసన వస్తే అది మా దుకాణం.
సంచిలో ఆ పుస్తకం తెచ్చినాయన
తూకం చూసినట్టు చేతిలో ఎగరేసి
"అట్ట గట్టిగుండాలె, పట్నంల బేరమున్నది" అని పోయిండు.

యాకూబ్ తాతకు ఆ అక్షరాలొచ్చు, చూపు ఆనదు.
నాకు చూపున్నది, ఆ అక్షరాలు రావు.
అందుకని మొదలు బొమ్మలే చదివినం,
నేను చెప్తుంటే ఆయన తలూపుతూ.

దేవరకొండ కోట కింద ఎడ్లబండి.
బండిలో ఒక మనిషి, ఒళ్ళో దూది ఏకే విల్లు.
మక్కాకు పోతూ విల్లెందుకు తాతా?
"దారి ఖర్చుకు. మందిసొమ్ముతో పోతే అది హజ్ కాదు."

తరువాత రెండు పేజీల నిండా సముద్రం.
నీలిమందు చిక్కగా పూసి
నురుగు కాడ కాగితాన్ని వట్టిగా వదిలేసిండు.
ఓడ మన కృష్ణ మీది పుట్టి లెక్క గుండ్రంగున్నది,
మీదొక పొగగొట్టం.
ఒంటెకు ఎద్దు గిట్టలు, ఎద్దు గజ్జెలు,
మెడ మాత్రం అచ్చం ఆ విల్లే, వంపుతో సహా.
ఎడారి నడుమ మా బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి,
సందుల్లో సీతాఫలం చెట్టు.

వేసినాయన ఊరు దాటలేదు.
రథాలకు రంగులద్దే నకాశీ బుచ్చయ్య,
పేరు మూలన తెలుగులో ఉన్నది, నేను చదవగలిగింది అదొక్కటే.
తిరిగొచ్చిన మనిషి చెప్తుంటే విని వేసిండు.
విన్నది చాలనిచోట దేవరకొండ వేసిండు.

ఒక పురుగు బండి చక్రం కాడ దూరి
బొంబాయి రేవు, సముద్రం, జిద్దా తొలుచుకుంటూ
చివరి పేజీలో బయటపడ్డది.
"హాజీ పురుగు" అని తాత నవ్విండు.
ఆయన మూడుసార్లు పైసలు జమచేసిండు.
బిడ్డ కాన్పుకు ఒకసారి, బోరుకు ఒకసారి,
మూడోసారి ఈ కళ్ళకే పోయినయి.

మధ్యాహ్నం కరెంటు పోయినంక
ఆయన అరచేతిలో అక్షరాలు గీయడం మొదలుపెట్టిన.
చిన్న పన్ను, కింద ఒక చుక్క,
దాన్నంటుకుని నిలువు గీత,
పక్కన గిన్నె, గిన్నెలో చుక్క.
"బాన్" అన్నడు. "అంటే మంచం నులక. ఒంటె మీద నులకేంది?"
తరువాతి మాట గీసిన.
"నీ... లూ..."
బాన. నీళ్ళు.
తాతా, ఇది ఉర్దూ కాదు!
పక్కింటోళ్ళ అంగీ తొడుక్కున్న మన పిలగాని లెక్క
ఆ మాటను ఇన్నేండ్లు ఎవ్వరూ గుర్తుపట్టలే.

చీకటి పడేదాక నేను గీస్తనే ఉన్న, ఆయన పలుకుతనే ఉన్నడు.
"దూదేకుల జాను సాబు చెప్పంగ రాసినది.
ఒక్క బాన నీళ్ళు తొమ్మిది మందిమి తాగినం.
సముద్రం నురుగు జూసి చేతులు ఊకుండలే,
ఇంత దూది ఏకేటోడు యాడున్నడు?
ఇక్కడ నవాబైనా నేనైనా కుట్టని తెల్లగుడ్డే.
పక్కాయనది పట్టి చూసిన.
పోగు పొట్టిది. మన పత్తే నయం.
అట్ల అనుకున్నందుకు తౌబా చేసిన."

నల్లటి చదరం ఉన్న పేజీ వచ్చింది.
ఆముదం దీపం మసి, పొర మీద పొర.
చుట్టూ మొఖాలు లేని మనుషులు.
ఇక్కడ బండరాయి లేదు, సీతాఫలం లేదు,
బుచ్చయ్య ఊరి నుంచి ఏదీ అరువు తేలేదు.
నేనేం చెప్పలే. తాత వేళ్ళు వాటంతటవే
ఆ మసి అంచు దాక పోయి ఆగినయి.
మైదా అంటిన చెయ్యి కడుక్కొస్తనని లేచిండు.
చాలాసేపు నల్లా చప్పుడు వినొచ్చింది.

పొద్దున ఆయనొచ్చి అట్ట వంచి చూసి
మూడొందలు బల్ల మీద పెట్టి
"ఇంతకీ ఏమున్నదిండ్ల?" అన్నడు.
తాత సూది నా దిక్కు చాపి, దారం ఎక్కియ్యమని,
"పత్తి" అన్నడు.